ర్యాంక్ సున్నా, మొత్తం ఒకటి

వాతావరణ కేంద్రంలోని మిషన్ గదిలో మంటలార్పే గ్యాస్ విడుదలైన రోజు అక్కడ మంట లేదు. మనిషి ఒక్కడే ఉన్నాడు. గ్యాస్ గదిలోని గాలిని తోసేసింది. తలుపు లోపలినుంచి తెరుచుకోలేదు. భోజనాలు ముగించుకుని వచ్చినవాళ్ళు అద్దంలోంచి చూసి, కేకలు వేసి, తాళం తీసేసరికి ఆలస్యమైపోయింది. సెన్సర్ తప్పుగా పనిచేసిందని రిపోర్టు రాశారు. అందరూ సంతకాలు పెట్టారు.

పోయినతను ఆ వాతావరణ కేంద్రంలో సిస్టమ్స్ ఇంజనీరు. అది పైకి కనిపించే ఉద్యోగం. అసలు ఉద్యోగం సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకరు రహస్య విభాగానికి అధిపతి. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఇంకొకరు అదే విభాగంలో పనిచేసే, పోయినతని చెల్లెలు. ఆమె కోడ్ నేమ్ పిచ్చుక. మూడో మనిషి ఎవరో పిచ్చుకకు ఆ వారం చివర్లో గాని తెలియలేదు.

పెద్దాయన ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఉంది. గోడ మీద పెద్ద అక్షరాలనుంచి చిన్న అక్షరాలకు దిగే చార్టు. మూలన అద్దాలు అరగదీసే యంత్రం. అది నడుస్తుంటే లోపలి మాట బయటికి పోదు.

"కూర్చో."

"ఫర్వాలేదు సార్, నిలబడతాను."

"కూర్చోమన్నానా."

కూర్చుంది.

"రూలు ప్రకారం నిన్ను పంపకూడదు. సొంతవాళ్ళు పోయిన చోటికి సొంతవాళ్ళని పంపం."

"మరి ఎవర్ని పంపుతారు?"

"అదే తేలటం లేదు. ఆ మిషన్ భాష వచ్చినవాళ్ళు మన దగ్గర ఇద్దరే ఉండేవాళ్ళు."

ఆ మాట అన్నాక ఆయన యంత్రం వేగం పెంచారు. పిచ్చుక తన చేతుల వైపు చూసుకుంది.

"సముద్రంలో తుఫాను పుట్టింది," అన్నారు పెద్దాయన. "తీరరక్షక దళం ఓడలన్నీ ఇప్పుడు ఉత్తర రేవులో ఉన్నాయి. అక్కడే ఉండాలా, దక్షిణ రేవుకు పోవాలా అన్నది రేపు చీకటి పడేలోపు తేల్చాలి. తర్వాత కదిలించలేం. ఓడల్లో మనుషులున్నారు. తుఫాను దారి చెప్పాల్సింది ఆ కేంద్రంలోని మిషన్. అది నోరు మూసుకుంది."

"ఎప్పట్నుంచి?"

"గురువారం నుంచి."

అన్నయ్య పోయింది గురువారం.

"సరిహద్దు అవతలి ముఠా ఒకటి ఆ కేంద్రం మీద కన్నేసింది. ఒక్క గుండు పేల్చకుండా మన ఓడల్ని ముంచాలని వాళ్ళ ప్లాన్. ఎలా ముంచబోతున్నారో మీ అన్నయ్య కనిపెట్టాడు. సాయంత్రం వచ్చి చెప్తానన్నాడు. ఆ మధ్యాహ్నమే..."

"అర్థమైంది సార్."

"లోపల మన మనిషి ఒకావిడ ఉంది. మిషన్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఇచ్చిన విదేశీ కంపెనీ కన్సల్టెంటు. ముఠా ఆమెని తమ మనిషనుకుంటోంది. ఆమె మన మనిషి. మీ అన్నయ్య అసలు ఉద్యోగం ఏమిటో, నువ్వెవరో కూడా ఆమెకి తెలుసు. 'దారిలో వాన పడిందా' అని అడుగుతుంది. 'గొడుగు ఇంట్లో మర్చిపోయా' అని నువ్వు చెప్పాలి. ఆ తర్వాత ఆమె ఎలా చెబితే అలా చెయ్యి. ఎర్రర్ తీసెయ్యి, మ్యాపు బయటికి పంపు. అంతే నీ పని."

ఆయన డ్రాయర్‌లోంచి ఒక కళ్ళజోడు తీసి ఇచ్చారు.

"కాడలో మైకు, స్పీకరు ఉన్నాయి. ఇక్కణ్ణించి నేను వింటూ ఉంటాను."

పిచ్చుక పెట్టుకుని చార్టు వైపు చూసింది. "సార్, దీనికి పవరుంది."

"నీ కళ్ళకి సరిపడా పెట్టించాను. పోయిన పరీక్షలో కింది వరస చదవలేకపోయావు. లైటు సరిగా లేదని దబాయించావు."

* * *

వాతావరణ కేంద్రంలో మిషన్ గది అద్దాల గోడ వెనక ఉంది. లోపల రెండు వరసల బీరువాలు. ఒక్కో బీరువాలో ఒకదాని మీద ఒకటి పేర్చిన కంప్యూటర్లు. వాటిని నోడ్లు అంటారు. బీరువాల ముందు నిలబడితే వణుకు పుడుతుంది, వెనక నిలబడితే చెమట పడుతుంది. ఫ్యాన్ల మోతలో పక్కమనిషి మాట వినపడాలంటే గొంతు పెంచాలి. తలుపు పక్కన కొక్కేనికి స్వెట్టర్లు వేలాడుతున్నాయి. వాటిలో నీలం రంగుది ఎవరిదో పిచ్చుకకు తెలుసు. ఆమె దాని పక్కన ఉన్న బూడిద రంగుది తీసి తొడుక్కుంది.

గదిలో అడుగు పెట్టగానే కళ్ళజోడు కాడ ఓసారి గరగరలాడి ఆగిపోయింది. అన్ని ఇనప బీరువాల మధ్య ఆ మోతలో పెద్దాయన గొంతు రాదు. ఇక ఇక్కడ ఆమె ఒక్కతే.

అద్దం అవతల మ్యాపుల తాతగారు అటూ ఇటూ తిరుగుతున్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఫోర్‌కాస్టర్. తుఫాను ఎటు పోతుందో ఓడలవాళ్ళకు ఫోన్ చేసి చెప్పేది ఆయనే. పెన్ను మూత కొరికి కొరికి దాని రూపమే మార్చేశాడు. తలుపు సందులోంచి తల పెట్టాడు.

"నువ్వేనా కొత్త ఇంజనీరువి?"

"అవును తాతగారూ."

"నీకంటే ముందు బయటినుంచి ముగ్గురొచ్చారు. ఒకాయన కేబుళ్ళన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. ఇంకొకాయన మిషన్ ఆపి మళ్ళీ వేశాడు. మూడో ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. నువ్వేం చేస్తావు?"

"నేను టీ తాగను."

"అయితే ఆశ ఉంది. కానియ్ తల్లీ. రేవునుంచి ఫోన్ల మీద ఫోన్లు. నేను కాగితం మీద గీతలు గీసి చెప్తుంటే వాళ్ళు నవ్వుతున్నారు."

తుఫాను లెక్క ఒక్క కంప్యూటర్ చేస్తే తుఫాను వచ్చి పోయాక పూర్తవుతుంది. అందుకని సముద్రాన్ని గళ్ళుగా కోసి ఒక్కో నోడ్‌కు ఒక్కో ముక్క ఇస్తారు. ప్రతి ముక్కా తన అంచున గాలి ఎంతుందో పక్క ముక్కకు చెబుతూ ఉండాలి. ఆ కబుర్లు మోసేది పారలల్ లైబ్రరీ. కేంద్రంలో వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు తపాలా. దానికి రెండు చివరలు. లాంచర్ అన్నది ప్రతి ముక్కకూ ఒక ర్యాంక్, అంటే సున్నానుంచి మొదలయ్యే వరస నంబరు ఇచ్చి బయల్దేరదీస్తుంది. ప్రోగ్రాం లోపల ఉన్న లైబ్రరీ ఆ నంబరు అందుకుని మిగతావాళ్ళతో మాట్లాడుతుంది.

పోయిన సోమవారం కొత్త తపాలా ఇన్‌స్టాల్ చేశారు. గురువారం నుంచి మ్యాపు లేదు.

పిచ్చుక రన్ చేసింది. వెంటనే ఎర్రర్. ఒక నోడ్‌లో లైబ్రరీ ఫైలు దొరకలేదట. ఫైలు ఎక్కడుందో చెప్పే పాత్ చూసింది, సరిచేసింది. మళ్ళీ రన్. ఇంకో నోడ్ పాస్‌వర్డ్ అడిగి మొండికేసింది. తాళంచెవి ఫైలు మార్చింది. మళ్ళీ రన్. ఈసారి నోడ్ల మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డం. తీసింది. ఒక ఎర్రర్‌ను పంపితే దాని వెనక ఇంకొకటి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమెకు కూర్చోవాలనిపించలేదు. నిలబడే టైప్ చేస్తోంది.

మోతలోకి ఒక సువాసన వచ్చింది.

"దారిలో వాన పడిందా?"

పొడుగాటి మనిషి. మెడలో పసుపుపచ్చ సిల్కు స్కార్ఫు. ఆ చలిలో కూడా చేతుల్లేని జాకెట్టు. స్వెట్టర్ల వైపు చూడను కూడా చూడలేదు. కేంద్రంలో అందరూ ఆమెను సిల్క్ మేడమ్ అంటారు.

"గొడుగు ఇంట్లో మర్చిపోయా."

మేడమ్ నవ్వింది. దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు అరిచింది. "అతను మంచివాడు. చాలా బాధపడ్డాను."

"థాంక్స్ మేడమ్."

"ముందు పని చూద్దాం. ఎక్కడిదాకా వచ్చింది?"

పిచ్చుక మళ్ళీ రన్ చేసింది. ఈసారి ఎర్రర్ రాలేదు. అన్ని నోడ్లూ లేచాయి. స్క్రీన్ మీద లాగ్, మిషన్ తనంతట రాసుకునే చిట్టా, కదిలింది.

ర్యాంక్ సున్నా, మొత్తం ఒకటి.
ర్యాంక్ సున్నా, మొత్తం ఒకటి.
ర్యాంక్ సున్నా, మొత్తం ఒకటి.

అదే వాక్యం కిందికి జారుతూనే ఉంది. ప్రతి నోడూ మొదటివాణ్ణి నేనే అంటోంది, లోకంలో ఉన్నది నేనొక్కణ్ణే అంటోంది. పక్క ముక్కతో మాట్లాడటం లేదు, ఎందుకంటే పక్కన ఎవరూ లేరనుకుంటోంది. పిచ్చుక ఆ వాక్యం వైపు అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూసింది.

"తెలిసిపోయిందా?" అంది మేడమ్.

"తెలిసింది. లాంచర్ కొత్త తపాలాది. ప్రోగ్రాంకి లింకయింది పాత తపాలా. లాంచర్ నంబర్లు పంచుతోంది, ప్రోగ్రాంకి ఆ భాష రాదు. వీళ్ళ కోడ్ వర్డ్ వాళ్ళకి తెలియదు. కబురు అందలేదు కాబట్టి ప్రతిదీ ఒంటరిననుకుంటోంది."

"చాలా మంది చేసే పొరపాటే. కొత్తది పెట్టాక ప్రోగ్రాంని కొత్తదానితో తిరిగి కంపైల్ చేయాలి. మర్చిపోయి ఉంటాడు, పాపం. నువ్వు చేసెయ్. సోర్స్ కోడ్ ముట్టుకునే అనుమతి సిస్టమ్స్ ఇంజనీరుకే ఉంది, లేకపోతే నేనే చేసేదాన్ని."

నిజమే. కంపైల్ అంటే కోడ్‌ని మిషన్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్చడం, అది ఎంతో పని కాదు. పిచ్చుక ఆదేశం టైప్ చేసింది. ఎంటర్ మీద వేలు పెట్టబోతూ, కంపైల్‌కు ముందు ఎప్పుడూ చేసే పనిగా పాత ప్రోగ్రాం ఫైలు తేదీ చూసింది.

గురువారం. ఉదయం.

వేలు వెనక్కి తీసుకుంది.

కొత్త తపాలా వచ్చింది సోమవారం. మర్చిపోయిన మనిషైతే ప్రోగ్రాం సోమవారానికి ముందుదై ఉండాలి, మ్యాపు కూడా సోమవారమే ఆగిపోయి ఉండాలి. ఇది అన్నయ్య ఆ తర్వాత కంపైల్ చేసినది. కొత్తది ఎదురుగా ఉండగా, పనిగట్టుకుని పాతదానితో చేశాడు. పాత తపాలాను కేంద్రం ఫోల్డర్లోంచి తీసేశారు గనక, తన సొంత ఫోల్డర్లో దాచుకున్న కాపీతో చేశాడు. అన్నయ్య డబ్బా మూతలు కూడా జత చూసి పెట్టే మనిషి. మూత కలవని డబ్బా కనిపిస్తే అది సరిచేసేదాకా అన్నానికి కూర్చునేవాడు కాదు.

ఇది పొరపాటు కాదు. ఇది తాళం. లోపలికి ఏదో రాకుండా, వేరే దారి లేక, మిషన్‌కే వేసిన తాళం. అదే రోజు మధ్యాహ్నం గ్యాస్ విడుదలైంది. ఆ తాళాన్ని తీయడానికి విభాగమే తనను పంపింది. తీయమని అంటున్నది విభాగం మనిషే.

"ఏమైంది? ఆగావేం?" మేడమ్ గొంతులో తొందర.

"ఏం లేదు మేడమ్. చెయ్యి చల్లబడింది."

"తొందరగా కానియ్. పొద్దు వాలుతోంది."

"అయిపోతుంది."

పిచ్చుక మనసు పరిగెత్తుతోంది, ముఖం మాత్రం కదలడం లేదు. అనుమానంతో మ్యాపు ఆపితే ఓడలకు దారి లేదు. అనుమానం లేకుండా పంపితే ఏ దారి చెబుతుందో తెలియదు. రెండూ కావాలి. మేడమ్ అద్దం అవతలికి చూస్తుండగా పిచ్చుక మిషన్‌ను రెండుగా చీల్చింది. ఎడమ వరస నోడ్లకు అన్నయ్య ఫోల్డర్లోని పాత లాంచర్, అతను కంపైల్ చేసిన ప్రోగ్రాం, ఇవాళ్టి తుఫాను. వాటి లాగ్ స్క్రీన్ మీదికి రాకుండా మళ్ళించింది. మ్యాపు తయారవగానే నేరుగా తాతగారి ప్రింటర్‌కు వెళ్ళేలా పెట్టింది. కుడి వరసకు కొత్త తపాలాతో కంపైల్. దానికి ఇంకో తుఫాను ఇచ్చింది.

ఎంటర్.

స్క్రీన్ నిండా కంపైలర్ వరసలు జారాయి. మేడమ్ వాటిని చూస్తూ స్కార్ఫు కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

ఎడమవైపు ఫ్యాన్ల మోత పెరిగింది.

"ఆ వరస ఎందుకంత మోతగా ఉంది?"

"కంపైల్ దానిమీదే వేశాను మేడమ్."

మేడమ్ తలూపింది. కాని వెళ్ళి తలుపు పక్కన నిలబడింది. అక్కడ గోడకు ప్లాస్టిక్ మూత కింద ఎర్ర బటన్ ఉంది. ప్రమాదం జరిగితే గది మొత్తం కరెంటు ఆపేది.

అద్దం అవతల తాతగారు గడియారం చూపించి సైగ చేశాడు. పిచ్చుక చెయ్యెత్తి ఆగమంది. ఆయన పెన్ను మూత నోట్లో పెట్టుకుని ఇంకో చుట్టు తిరిగాడు.

కుడి వరస పని పూర్తయింది. ఈసారి లాగ్‌లో ర్యాంకులు సున్నా, ఒకటి, రెండు అంటూ బుద్ధిగా వరసలో వచ్చాయి. స్క్రీన్ మీద మ్యాపు విచ్చుకుంది. సముద్రం మధ్యనుంచి ఒక గీత తీరందాకా వచ్చి ఉత్తర రేవు దగ్గర ఆగింది.

మేడమ్ ఊపిరి వదిలింది. "చూశావా? ఎంత చక్కగా వచ్చిందో. తుఫాను ఉత్తర రేవుకి. ఓడల్ని దక్షిణానికి పొమ్మనాలి. పంపించెయ్."

"ఇది ఇవాళ్టి తుఫాను కాదు మేడమ్."

"అంటే?"

"కిందటేడుది. దక్షిణ రేవులో పైకప్పులన్నీ ఎగిరిపోయాయే, అది. ఊరందరికీ తెలుసు అది ఎక్కడ తాకిందో. మీ తపాలాకి మాత్రం తెలియలేదు. కబుర్లు మోస్తూ మోస్తూ ఒక్కో అడుక్కీ కొంచెం కొంచెం ఉత్తరానికి జరిపింది."

మేడమ్ ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. "తెలివైన చెల్లెలివే."

"రెండువైపులా పనిచేస్తున్నారని మాకు తెలుసు. మావైపే అనుకున్నాం. నిజానికి ఏ వైపు?"

"నాకే తెలియదమ్మాయ్. గెలిచేవైపు ఉంటాను." ఆమె చెయ్యి ప్లాస్టిక్ మూత ఎత్తింది. "ఎడమ వరసలో నడుస్తున్నది అసలుది కదా? ఇంకా అవలేదు కదా?"

ఇద్దరి మధ్య బీరువాల వరస పొడవంత దూరం. పిచ్చుక కదల్లేదు. కదిలితే ఆ వేలు కూడా కదులుతుంది. ఆ మోత మీదుగా అరుస్తూనైనా మాట్లాడించాలి.

"ఒక్కటి చెప్పండి. గురువారం తలుపు బయటినుంచి వేసింది మీరేనా?"

"నేను వెయ్యలేదు. గ్యాస్ వదిలితే ఆ తలుపు దానంతటదే పడిపోతుంది."

"మరి?"

"అద్దం కొట్టాడు. నేను బయటే ఉన్నాను. తియ్యలేదు." మేడమ్ రెండో చేత్తో స్కార్ఫు సర్దుకుంది. "అంతే."

పిచ్చుక చూపు అద్దం మీదికి పోయింది.

మేడమ్ బటన్ నొక్కింది.

లైట్లు ఆరాయి. ఫ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించి ఆగిపోయాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని పిచ్చుక ఊహించలేదు. మ్యాపు వెళ్ళిందో లేదో తెలియదు. ఎడమ వరస లాగ్ తనే దాచింది. అద్దంలోంచి వస్తున్న సాయంకాలపు వెలుగులో తాతగారు కూడా కనిపించడం లేదు.

కళ్ళజోడు కాడ గరగరలాడింది. "పిచ్చుకా! వినబడుతోందా? ఇందాకట్నుంచి తిరగలి తిప్పినట్టు మోత తప్ప ఏమీ లేదు. ఏమిటా నిశ్శబ్దం?"

"సిల్క్ మేడమ్‌ని పట్టుకోవాలి సార్. గేటు మూయించండి."

"ఎందుకు? ఆమె మన మనిషి కదా?"

"ఆమెకే తెలియదట సార్."

మేడమ్ తలుపు లాగింది. అదే క్షణంలో బయటినుంచి ఎవరో దాన్ని తోశారు. అవతల తాతగారు ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు గార్డులు. కరెంటు ఎందుకు పోయిందో చూడమని వాళ్ళను ఆయనే లాక్కొచ్చాడు. ఆయన చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న కాగితం.

"ఏమ్మా, కరెంటు ఆపింది ఎవరు? పోనీలే, ఆపితే ఆపారు, ముందే వచ్చేసింది! దక్షిణ రేవుకి కొడుతుంది. ఓడల్ని ఉన్నచోటే ఉండమని ఫోన్ చేసేశాను. ఈసారి నవ్వలేదు వెధవలు." మేడమ్‌ను చూసి దారి ఇవ్వబోయాడు. "తప్పుకోండయ్యా, మేడమ్ గారికి దారివ్వండి."

"ఇవ్వకండి తాతగారూ, కరెంటు ఆపింది ఈవిడే," అంది పిచ్చుక.

గార్డులు ఆమె చేతులు పట్టుకున్నప్పుడు మేడమ్ పెనుగులాడలేదు. స్కార్ఫు సర్దమని ఒక గార్డును అడిగింది. అతను సర్దాడు కూడా.

* * *

తుఫాను మర్నాడు దక్షిణ రేవును తాకింది. రేవు ఖాళీగా ఉంది. ఓడలు ఉత్తరాన లంగరు మీద ఊగుతూ ఆ గాలిని దూరంనుంచి విన్నాయి. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో పెద్దాయన రిపోర్టు చదివి పక్కన పెట్టారు.

"ఇంతకీ ఎర్రర్ పోయిందా?"

"పోలేదు సార్. ఉండనిచ్చాను."

"నిన్ను పంపింది దాన్ని తీయడానికి."

"అవును సార్."

ఆయన రిపోర్టు డ్రాయర్‌లో పెట్టి మూశారు. అద్దాలు అరగదీసే యంత్రం అదే పనిగా తిరుగుతోంది.

ప్రస్తుతం ఆ కేంద్రంలో రోజూ వచ్చే మ్యాపు అన్నయ్య సొంత ఫోల్డర్లోంచే నడుస్తోంది. చనిపోయిన ఉద్యోగి అకౌంటు మూసేయాలని రూలు. మూస్తే ఫోల్డర్ పోతుంది. అంతకుముందు శుభ్రమైన తపాలాను మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేసి, ప్రతి నోడ్‌లోనూ సరిచూసి, ప్రోగ్రాంను దానితో మళ్ళీ కంపైల్ చేయాలి. ఆ పనికి పిచ్చుకనే నియమించారు. ఆమె ఇంకా మొదలుపెట్టలేదు.